హీలింగ్‌లో (మన ఎడమ పక్కనే అంటిపెట్టుకుని నడవడంలో) మలుపుల దగ్గర కుక్క తడబడుతోంది, నా నడకలో ఏం మార్చాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఒబీడియెన్స్ (చెప్పినట్టు వినే) పోటీల కోసం మా కుక్కను తయారు చేస్తున్నాను. నేరుగా నడుస్తున్నంతసేపూ హీలింగ్ ముచ్చటగా ఉంటుంది. తల పైకెత్తి, నా ఎడమ కాలిని అంటిపెట్టుకుని వస్తుంది. చిక్కంతా మలుపుల్లోనే. అబౌట్ టర్న్‌లో, అంటే పూర్తిగా వెనక్కి తిరిగేటప్పుడు, వెనకబడిపోతుంది. ఎడమ మలుపులో నా మోకాలికి తగులుతుంది. ఆగినప్పుడు నడుము బయటికి పెట్టి వంకరగా కూర్చుంటుంది. చేతిలో ట్రీట్ ఉంటే తప్పులు బాగా తగ్గుతాయి, కానీ రింగులోకి (పోటీ బరిలోకి) ట్రీట్ తీసుకెళ్లలేను కదా. కుక్కకే ఇంకా నేర్పాలా, నేనేమైనా మార్చుకోవాలా?

మొదటి జవాబు:
నేరుగా అంత బాగా వస్తోందంటే హీలింగ్ దానికి వచ్చినట్టే. మలుపు రాబోతోందని దానికి ముందుగా తెలియడం లేదు. అందుకే నా సలహా, కొన్నాళ్లు కుక్కను దూరంగా కూర్చోబెట్టి మీ అడుగులు మీరు సాధన చేయండి. కుక్క పక్కనుంటే మన కళ్లూ మనసూ దాని మీదే ఉంటాయి, పాదాలు ఎక్కడ పడుతున్నాయో గమనించలేం.

ముందు అబౌట్ టర్న్ చూద్దాం. అమెరికన్ కెన్నెల్ క్లబ్ పోటీల్లో ఇది ఎప్పుడూ కుడివైపు నుంచే తిరగాలి. కుక్క మీకు ఎడమవైపు ఉంటుంది కాబట్టి దానిది బయటి దారి, మీకంటే ఎక్కువ దూరం నడవాలి. మీరు గుండ్రంగా చుట్టి వస్తే దాని దారి ఇంకా పెరుగుతుంది. కనుక ఉన్నచోటే తిరగండి. ఎడమ పాదం నేరుగా, కాస్త పొట్టి అడుగుగా వేయండి. కుడి పాదాన్ని దాని ముందు అడ్డంగా, కుడివైపు చూసేలా పెట్టండి. తర్వాత ఎడమ పాదం చుట్టూ తిరిగి, వచ్చిన దిక్కుకి ముఖం పెట్టి పడాలి. కుడి పాదం దాని పక్కన చేరాలి. మళ్లీ ఎడమ పాదంతో బయల్దేరండి, ఆ మొదటి అడుగు చిన్నదిగా ఉండాలి. అడుగుల పొడవు మారవచ్చు గానీ తాళం మారకూడదు. కుక్క అందుకుంటుందేమోనని నెమ్మదించారా, హ్యాండ్లర్ (కుక్కను నడిపించేవారు) తన వేగాన్ని కుక్కకి తగ్గట్టు మార్చుకున్నట్టు జడ్జి లెక్కేస్తారు, మార్కులు పోతాయి. ఫోన్‌లో మెట్రోనోమ్ (సమానంగా తాళం వేసే యాప్) పెట్టుకుని సాధన చేస్తే ఈ తాళం త్వరగా కుదురుతుంది.

భుజాల సంగతి పాదాలకంటే ముఖ్యమని నా అభిప్రాయం. తల ఎత్తి నడిచే కుక్కకి మీ ఎడమ భుజం, తుంటి, కాలు నిరంతరం కంటపడుతూనే ఉంటాయి. మలుపుకి ఒక అడుగు ముందే మీ చూపూ భుజాలూ ఆ దిక్కుకి తిరిగితే అదే దానికి సూచన. ప్రతిసారీ అదే క్షణంలో, అదే మోతాదులో రావాలి. మొదట్లో కొంచెం ఎక్కువ చేసి చూపించినా, తర్వాత మామూలు నడకలో కలిసిపోయేంత తగ్గించాలి. చూసేవాళ్లకి అదనపు సైగలా కనిపిస్తే దానికీ కోత పడుతుంది.

ఇంకొకటి, కుక్క వెనకబడగానే మనం తిరిగి దాన్ని చూస్తాం. అలా చూసినప్పుడు ఎడమ భుజం వెనక్కి పోతుంది. భుజాన్ని చూసి నడిచే కుక్క దానితోపాటే ఇంకా వెనక్కి తగ్గుతుంది. కొన్ని అడుగుల ముందు నేల మీద చూపు నిలపండి, కుక్క కంటి అంచున కనిపిస్తే చాలు.

రెండో జవాబు:
పైన చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. ఎడమ మలుపు, ఆగడం గురించి నేను చెప్తాను.

ఎడమ మలుపులో మోకాలు తగులుతోందంటే కుక్క కాస్త ముందుకి వచ్చి ఉంది, మీరు దాని దారిలోకి తిరుగుతున్నారు. కుడి పాదం పొట్టిగా, నేరుగా వేసి, అప్పుడు ఎడమ పాదాన్ని ఎడమకి తిప్పి పెట్టండి. ఆ పొట్టి అడుగే దానికి హెచ్చరిక. దాంతోపాటు వెనక కాళ్లు విడిగా కదపడం కూడా నేర్పాలి. తక్కువ ఎత్తు పీట మీద ముందు కాళ్లు పెట్టించి, మీరు ఎడమకి కొద్దికొద్దిగా తిరుగుతుంటే అది నడుమును మీ వైపు చేర్చాలి. నా దృష్టిలో హీలింగ్‌కి ఇంతకంటే ఉపయోగపడే వ్యాయామం లేదు.

వంకర కూర్చోవడానికి కారణం మీ ట్రీట్ చెయ్యి కావచ్చు. చెయ్యి పొట్ట ముందుంటే కుక్క తల అటు తిరుగుతుంది, నడుము బయటికి పోతుంది. ట్రీట్ ఎడమ చేత్తో, మీ ప్యాంటు పక్క కుట్టు దగ్గర ఇవ్వండి. ఆగేటప్పుడు కుడి పాదం నిలిపి ఎడమ పాదాన్ని దాని పక్కకు తెచ్చి ఆపండి. కుక్క గమనించే కాలు అదే కాబట్టి ఎప్పుడు కూర్చోవాలో స్పష్టంగా తెలుస్తుంది. ఇంకో వరుసలో ఆగేవాళ్లూ ఉన్నారు, అదీ పనికొస్తుంది, రోజుకో రకంగా మాత్రం వద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. వీడియో తీసి చూశాను. తిరిగేటప్పుడు భుజం వెనక్కి పోవడం స్పష్టంగా కనబడింది. ఇంకో సందేహం. నేరుగా నడిచేటప్పుడు కూడా నేను ఎడమకి జరుగుతున్నట్టుంది. దానికేం చేయాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు:
అది చాలామందిలో ఉంటుంది. పోటీలో కుక్క మీకు ఒరుసుకుంటున్నట్టు కనిపిస్తుంది, నిజానికి మీరే దాని మీదికి వెళ్తున్నారు. ఐజీపీ (వాసన పట్టడం, ఒబీడియెన్స్, రక్షణ మూడూ ఉండే కుక్కల పోటీ) ఒబీడియెన్స్‌లో మొదటే 50 అంగలు ఆగకుండా నేరుగా నడవాలి, అక్కడ ఇది దాగదు. ఎదురుగా దూరంలో ఒక గుర్తు ఎంచుకుని దాని మీదే చూపు నిలిపి నడవండి. నేల మీద సుద్దగీత గీసి మీ ఎడమ పాదం దాన్ని దాటకుండా సాధన చేయండి. వీడియో ముందునుంచీ వెనకనుంచీ కూడా తీయించండి, పక్కనుంచి తీస్తే ఈ వాలు తెలియదు.

ఐజీపీలో అబౌట్ టర్న్ ఎడమవైపు నుంచి ఉంటుంది. మీరు ఆ పోటీలకి కూడా వెళ్లాలనుకుంటే దాని అడుగులు వేరే నేర్చుకోవాలి. మొదట ఒకటి స్థిరపడనివ్వండి. కుక్కను మళ్లీ పక్కకు తెచ్చుకున్నాక ఒక్కో మలుపే విడిగా చేయించండి. అది సరిగ్గా తిరగగానే ఎడమ చేత్తో ట్రీట్ ఇచ్చి అక్కడితో వదిలేయండి.