‘ట్రివియల్’ ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వాడకూడదు?

ప్రశ్న:
"వై ఆర్ యూ ఫైటింగ్ ఫర్ సో ట్రివియల్ మ్యాటర్?" ఈ వాక్యంలో తప్పేముందండీ? ఇంకోటి, క్లయింటుకు వెళ్లే మెయిల్‌లో "యువర్ ఇష్యూ ఈజ్ ట్రివియల్, వుయ్ విల్ ఫిక్స్ ఇట్ టుడే" అని రాస్తే బాగుంటుందా?

జవాబు 1:
మొదటిదాంట్లో రెండు తప్పులున్నాయి. విశేషణం వెనక నామవాచకం ఉంటే ‘సో’ కాదు, ‘సచ్’ రావాలి: సచ్ ఎ ట్రివియల్ మ్యాటర్. బహువచనమైతే ‘ఎ’ ఎగిరిపోతుంది: సచ్ ట్రివియల్ మ్యాటర్స్. నామవాచకం లేకపోతే ‘ఇట్స్ సో ట్రివియల్’. ‘సో ట్రివియల్ ఎ మ్యాటర్’ కూడా వ్యాకరణానికి సరిపోతుంది గానీ అది గ్రాంథికం, మాటల్లో ఎబ్బెట్టుగా ఉంటుంది.

రెండోది ‘ఫర్’. ‘ఇంత చిన్నదానికి’ అనే మన ‘కి’ అక్కడ దూరింది. ‘ఫైట్ ఫర్’ అంటే సాధించుకోవడానికి పోరాడటం, హక్కుల కోసం లాగా. గొడవ దేని మీదో చెప్పాలంటే ‘ఓవర్’: "వై ఆర్ యూ ఫైటింగ్ ఓవర్ సచ్ ఎ ట్రివియల్ మ్యాటర్?"

జవాబు 2:
మెయిల్‌లో మాత్రం వద్దండి. ట్రివియల్ అంటే ‘పట్టించుకోదగ్గది కాదు’ అని తేల్చేయడం. ఎదుటివాళ్ల ఫిర్యాదుకు తగిలిస్తే కొట్టిపారేసినట్టే. "వుయ్ విల్ ఫిక్స్ దిస్ టుడే" చాలు, అక్కడ విశేషణమే అక్కర్లేదు.

‘ట్రివియల్ టు ఫిక్స్’ వేరు. అది సాఫ్ట్‌వేర్ వాళ్ల వాడుక, సరిచేయడం చాలా సులువని అర్థం. దానికి ఎదురు ‘నాన్‌ట్రివియల్’. మేనేజర్ నోట ఆ మాట వచ్చిందంటే సాయంత్రానికి తేలే పని కాదన్నమాట.

జవాబు 3:
పక్క మాటలు కూడా చూసుకోండి. దెబ్బలకు ‘మైనర్ ఇంజరీస్’ అంటారు. అంకెలకూ తేడాలకూ ‘నెగ్లిజిబుల్’: 1000 రూపాయల బిల్లులో 50 పైసల తేడా లాంటిది. దాన్ని ‘నెగ్లిజెంట్’ అని రాస్తే నిర్లక్ష్యంగా ఉన్నాడని అర్థం మారిపోతుంది. ‘పెట్టీ’ క్యాష్‌కు పర్లేదు, మనిషికి తగిలిస్తే అల్పబుద్ధి అన్నట్టే.

మనవాళ్లు ఎక్కువగా పొరపడేది ‘సిల్లీ’ దగ్గర. చిన్న విషయాన్ని ‘సిల్లీ మ్యాటర్’ అనేస్తారు. సిల్లీ అంటే చిన్నది కాదు, తెలివితక్కువది. అందుకే "ఎ సిల్లీ మిస్టేక్ కాస్ట్ అస్ ది ఆర్డర్" చక్కటి వాక్యం: తప్పు తెలివితక్కువది, నష్టం పెద్దది. అక్కడ ట్రివియల్ పెడితే, ఆర్డర్ పోగొట్టిన తప్పును లెక్కలోకే తీసుకోనట్టు ఉంటుంది.