ఇంట్లో పడి ఉన్న కాన్సన్‌ట్రేటర్: జిమ్ తర్వాత ఆక్సిజన్ పెట్టుకోవచ్చా?

ప్రశ్న:
2021 సెకండ్ వేవ్‌లో కొన్న 5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్‌ని వేరుచేసి ఇచ్చే మిషన్) ఇంట్లో ఖాళీగా ఉంది. తమ్ముడికి 24 ఏళ్లు, ఏ జబ్బూ లేదు. జిమ్ నుంచి రాగానే, పార్టీ అయిన మర్నాడు పొద్దున్నా ఫ్లో 5 మీద పెట్టి అరగంట పీలుస్తున్నాడు, హుషారొస్తుందట. ఇది మంచిదేనా? మిషన్ పూజగది గుమ్మం పక్కనే ఉంటుంది.

1వ జవాబు:
ఉపయోగం లేదండీ. ఆరోగ్యవంతుడికి మామూలు గాలితోనే, రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్ 97-98 శాతం నిండి ఉంటుంది. నిండిన బిందెలో నీళ్లు పోస్తే పొర్లిపోవడమే. 100 మి.లీ. రక్తంలో హిమోగ్లోబిన్ మోసే ఆక్సిజన్ 20 మి.లీ. దాకా ఉంటే, ప్లాస్మాలో (రక్తంలోని ద్రవంలో) కరిగి ఉండేది 0.3 మి.లీ. ముక్కు గొట్టంతో నిమిషానికి 5 లీటర్లు పెడితే పీల్చే గాలిలో ఆక్సిజన్ 40 శాతం దాకా పెరుగుతుంది, కరిగేది 0.7 అవుతుంది. అంతే. ఆల్కహాల్‌ని లివర్ తన వేగంతోనే కరిగిస్తుంది, ఆక్సిజన్ దాన్ని తొందరపెట్టదు. అరగంట కదలకుండా కూర్చుని నెమ్మదిగా ఊపిరి తీస్తే గొట్టం లేకపోయినా ఆ హుషారు వస్తుంది.

ఊపిరితిత్తులు పాడవుతాయన్న భయం మాత్రం అరగంటకి అక్కర్లేదు. 60 శాతం పైన రోజంతా పీలిస్తే ఛాతీలో మంట, పొడిదగ్గు మొదలవుతాయి.

2వ జవాబు:
నా భయమంతా ఆ పూజగది గురించే. ఆక్సిజన్ తనంతట తాను మండదు, కానీ దాని సమక్షంలో చిన్న నిప్పురవ్వకే నూలు బట్ట, జుట్టు భగ్గుమంటాయి. మిషన్ ఆన్‌లో ఉండగా గొట్టం తీసి దుప్పటి మీద పడేస్తే ఆ దుప్పటి నిండా ఆక్సిజన్ చేరుతుంది. ముందు స్విచ్ ఆపండి, తర్వాతే గొట్టం తీయాలి. ఆపేశాక కూడా 20-30 నిమిషాలు దీపం, అగరుబత్తి, సిగరెట్, గ్యాస్ పొయ్యి దగ్గరికి పోకూడదు. మిషన్‌కీ మంటకీ మధ్య కనీసం 3 మీటర్లు ఉండాలి. ముక్కు ఎండిపోతే వాజిలీన్ రాయొద్దు, నీటి ఆధారిత జెల్ వాడండి.

3వ జవాబు:
ఇంట్లో సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) ఉన్న పెద్దవాళ్లుంటే ఈ సరదా వాళ్లకి అసలు అంటించకండి. వాళ్లకి సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 88-92 మధ్య ఉంటే చాలు. ఎక్కువిస్తే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత, ఆపై స్పృహ తప్పడం. వెల్డింగ్ సిలిండర్ జోలికి ఎవరూ పోవద్దు. రెగ్యులేటర్‌కి నూనె మరక ఉన్నా ఒత్తిడికి అంటుకుంటుంది.

లేహ్ ట్రిప్పుకని కొనే ఆక్సిజన్ స్ప్రే డబ్బాలూ అంతే. కూర్చున్న మనిషే నిమిషానికి 6-8 లీటర్ల గాలి పీలుస్తాడు. 10 లీటర్ల డబ్బా రెండు నిమిషాలకు కూడా చాలదు. 3,500 మీటర్ల ఎత్తులో తలనొప్పి, వాంతులు ఆగకపోతే కిందికి దిగడమే దారి.

మిషన్ అట్టేపెట్టుకోవాలంటే నెలకోసారి కాసేపు నడపండి. తేమ పట్టి లోపల గాలిలోని నైట్రోజన్‌ని పట్టుకునే జియోలైట్ పాడైతే ఆక్సిజన్ 90 శాతం కన్నా కిందికి పడిపోతుంది, అలారం లైటు వెలుగుతుంది. హ్యూమిడిఫైయర్ సీసాలో పాత నీళ్లుంటే ముందు పారబోయండి.