ముఖం పోలిక వస్తోంది, కానీ మోసే మనిషికి బరువు రావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కావలి_పెన్సిల్:

అందరికీ నమస్తే. మాది కావలి. మెడికల్ షాపులో పని చేస్తా, వయసు 26. బొమ్మలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఫోటో మీద గళ్లు గీసుకుని, అవే గళ్లు కాగితం మీద వేసి, మూడేళ్లుగా ముఖాలు గీస్తున్నా. పోలిక బాగానే కుదురుతుంది. మా పక్కింటి అవ్వ చనిపోయినప్పుడు మంచి ఫోటో లేదని నేను వేసిన బొమ్మకే దండ వేశారు.

పోయిన నెల మా నాన్నను గీద్దామని కూర్చున్నా. నాన్న రైస్ మిల్లులో ముఠా పని చేస్తాడు. ఇద్దరు పట్టి బస్తాను వీపు మీదికి ఎక్కిస్తే, లారీ దగ్గర నుంచి లోపలికి నడుచుకుంటూ వెళ్తాడు. ఆ నడక నా చిన్నప్పటి నుంచి కళ్లలో ఉంది. నాలుగు రాత్రులు కూర్చుని గీశా. ముఖం నాన్నదే, గోనె నేత పోగులతో సహా కనపడుతోంది. అమ్మ చూసి, "మీ నాన్న ఇంత తేలిగ్గా ఎప్పుడు మోశాడే?" అంది. నిజమే, బస్తాలో దూది ఉన్నట్టుంది. ఆ మాట నన్ను వదలడం లేదు.

వీడియోలు చూస్తే ఒకరు 30 సెకన్ల బొమ్మలు వెయ్యమంటారు, ఒకరు మనిషి ఎత్తు తలకు ఏడున్నర రెట్లు అనే కొలత పట్టుకోమంటారు, ఇంకొకరు కండరాల పేర్లన్నీ నేర్చుకోమంటారు. నాకు దొరికేది రాత్రి 9 నుంచి 10 దాకా ఒక్క గంట. కదలకుండా నిలబడే మనిషి దొరకడు. ఆడపిల్లను, బయట కూర్చుని గీస్తే చుట్టూ జనం మూగుతారు. ముందు ఏది పట్టుకోవాలో చెప్పండి.

ఒంగోలు_బ్యానర్:

అమ్మాయ్, నాకు 62 ఏళ్లు. ఫ్లెక్సీలు రాకముందు సినిమా బ్యానర్లు రాసేవాడిని. మేమూ గళ్లతోనే పెంచేవాళ్లం. గళ్లు చెడ్డవని అనను, నాకు అన్నం పెట్టాయి. అయితే గళ్లలో గీసేటప్పుడు ఈ గీత ఆ గడిలో ఎక్కడ తగులుతుందో చూస్తాం తప్ప, ఈ మనిషి ఏ కాలి మీద నిలబడ్డాడు అని చూడం. ముఖానికి అది సరిపోతుంది, మోసే మనిషికి సరిపోదు.

మీ బొమ్మ చూడకుండానే చెబుతున్నా, వెన్ను నిటారుగా వేసి ఉంటారు. బస్తా వెనక ఉంది కదా. నిటారుగా ఉంటే మనిషి వెనక్కి పడిపోవాలి. అందుకే నడుము దగ్గర ముందుకు వంగుతాడు, మోకాళ్లు కొద్దిగా మడుస్తాడు, మెడ ముందుకు చాస్తాడు, అడుగు చిన్నది వేస్తాడు. మేస్త్రీ గోడ నిలువు చూడటానికి దారానికి గుండు కట్టి వదులుతాడే, అట్టాగే మనిషినీ బస్తానూ కలిపి ఒక్కటే బరువు అనుకుని, దాని మధ్య నుంచి దారం వదిలినట్టు ఊహించండి. ఆగి నిలబడ్డప్పుడు అది రెండు పాదాల మధ్యన పడాలి. ఒక కాలు ఎత్తిన క్షణంలో అయితే నేల మీదున్న పాదం దగ్గరికి రావాలి. అది కుదరకపోతే గోనె నేత ఎంత బాగా వేసినా బరువు రాదు.

నా సలహా ఒక్కటే. ఒక పలకా బలపం కొనుక్కోండి. మార్కాపురం పలకల దగ్గరి వాళ్లం మనం, ఇందులో సిగ్గేముంది! కాగితం ఉంటే దాచుకుందామనిపిస్తుంది, దాచుకోవాలంటే చెయ్యి బిగుస్తుంది. పలక మీద ఒక్క నిమిషం గీసి తుడిచెయ్యాలి. ఆ నిమిషంలో అంచులు వద్దు, ముఖం అసలే వద్దు. తల నుంచి వెన్ను మీదుగా బరువు మోసే పాదం దాకా ఒక్క పొడుగు గీత. దాని మీద భుజాల వాలు ఒకటి, తుంటి వాలు ఒకటి. అంతే. రోజూ ఇట్టాంటివి 20 వేశాకే కాగితం ముట్టుకోండి. మిగతా అరగంటలో ఏదో ఒక బొమ్మను నిదానంగా వేసుకోండి.

కండరాల పేర్లు తర్వాత. పక్కటెముకల గూడు ఒక డబ్బా, కటి ఒక డబ్బా, రెండింటి మధ్య వంగే నడుము. మొదటి ఆరు నెలలకు ఈ మూడు చాలు.

శిల్పం_నెల్లూరు:

బాబాయ్ చెప్పింది ఒప్పుకుంటా గానీ, కొలత మరీ వెనక్కి నెట్టొద్దు. నేను విగ్రహాల పని నేర్చుకుంటున్నా. నిలబడ్డ మామూలు మనిషికి సుమారు ఏడున్నర తలలు. ఎత్తులో సగం నడుము దగ్గర కాదు, తొడలు కలిసేచోట వస్తుంది. చేతులు వదిలేస్తే మణికట్టు దాదాపు అక్కడికే వస్తుంది. కొత్తగా గీసేవాళ్లు కాళ్లు పొట్టిగా వేసేది ఇది తెలియకే. ఏడాది బిడ్డకు నాలుగు తలలే ఉంటాయి. అందుకే పెద్దమనిషి తల కొంచెం పెద్దగా పడినా పిల్లాడిలా కనపడతాడు.

మన శిల్పుల లెక్కలో తాళం అంటే గడ్డం నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే దాకా, అంటే ముఖం కొలత. అరచెయ్యి మణికట్టు నుంచి నడివేలి కొస దాకా కూడా అంతే. తాళానికి 12 అంగుళాలు, నవతాళ విగ్రహానికి 108. ఈ అంగుళం టేపు మీద ఇంచి కాదు, ఆ విగ్రహంలోనే ఒక భాగం. ముఖం లెక్కనూ నడినెత్తి దాకా ఉండే తల లెక్కనూ కలిపేసి తికమక పడొద్దు.

ఒక మాట. వంగిన మనిషికి తలలు లెక్కపెడితే తప్పు వస్తుంది. అక్కడ పెన్సిల్‌తో చూడాలి. మోచెయ్యి మడవకుండా చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, ఏ పొడవు ఎన్ని రెట్లుందో కొలవండి. చెయ్యి మడిచారా, కొలత మారిపోతుంది.

జాకెట్ల_అక్క:

చెల్లీ, నాకు బొమ్మలు రావు. నెల్లూరులో జాకెట్లు కుడతా. కానీ నీ ప్రశ్న చదివాక ఆగలేకపోయా. కొలతలకు వచ్చినవాళ్లు ఒక కాలి మీద ఒరిగి నిలబడితే నేను సరిగ్గా నిలబడమంటా. ఎందుకంటే బరువున్న వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. చంక నుంచి నడుము దాకా ఒక పక్క తగ్గి, రెండో పక్క పెరుగుతుంది. తగ్గిన వైపు గుడ్డ ముడతలు పడుతుంది, పెరిగిన వైపు బిగుసుకుంటుంది. మీ నాన్న చొక్కా ఎక్కడ బిగిసిందో చూడు, లోపల ఒళ్లు ఎటు లాగుతోందో తెలిసిపోతుంది.

మనుషులు దొరకరంటున్నావు, మందుల షాపు కౌంటర్ ముందు రోజంతా నిలబడేది ఎవరు? అద్దం మీద మోచెయ్యి ఆనించి, చీటీ చూపిస్తూ, ఒక కాలి మీద. చేతిలో బిల్లు కాగితం ఉంటే నువ్వు ఏం గీస్తున్నావో ఎవరికీ పట్టదు. ఎవరిదన్నది తెలిసేలా ముఖం మాత్రం వెయ్యొద్దు, జబ్బుతో వచ్చినవాళ్లు కదా.

కావలి_పెన్సిల్:

మూడు వారాలయింది, అందుకే మళ్లీ రాస్తున్నా. పలక కొన్నా. మొదటి వారం ఏడుపొచ్చింది, ఒక్క గీతా నిలబడలేదు. కౌంటర్ దగ్గర మాత్రం అక్క చెప్పినట్టు రోజుకు ఏడెనిమిది వేస్తున్నా. ఇప్పుడు ఎవరైనా లోపలికి రాగానే ముందు పాదాలే చూస్తున్నా.

పోయిన ఆదివారం ఇంట్లో 25 కేజీల బియ్యం సంచి వీపు మీద పెట్టించుకుని అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడ్డా. గడ్డం దానంతటదే ముందుకొచ్చింది. కాలివేళ్లు నేలను పట్టుకున్నాయి. ఆ రెండూ నేను వేసిన బొమ్మలో లేవు. నాన్న మోసేది దీనికి మూడింతలు.

రాత్రి కొత్తగా గీశా, గళ్లు లేకుండా. ముఖం సగం చేతి చాటున పడింది, పోలిక తగ్గింది. నాన్న చాలాసేపు చూసి, "కుడి చెయ్యి అట్టా ఉండదమ్మా" అని, దిండు వీపు మీద పెట్టుకుని, మూల ఎక్కడ పట్టుకుంటాడో చూపించాడు. అట్టాగే పది నిమిషాలు నిలబడ్డాడు, నేను గీసేదాకా.

బాబాయ్, చెయ్యి తల వెనక్కి వెళ్లినప్పుడు మోచెయ్యి మన వైపు తిరిగి పొట్టిగా కనపడుతుంది కదా, అది ఎట్టా వెయ్యాలి? రేపు రాత్రి కూడా నిలబడతానన్నాడు.