బజారు రోడ్డును అందరికీ పనికొచ్చేట్టు మార్చాలంటే కన్సల్టెంట్లు కావాల్నా, మన మున్సిపల్ ఇంజనీర్లు చాలరా? (కడప)

ఏడురోడ్ల అబ్బీ:
అందరికీ నమస్తే. శానా రోజుల్నుంచి అడగాలనుకుంటాండా. ఏడు రోడ్ల కాడ బజార్లోకి సాయంత్రం పూట పోయి ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. బస్సు, ఆటో, కారు, బైకు, తోపుడు బండి, నడిచే మనిషి అందరూ ఒకే తారు మీద. సైడు కాలువ మీద బండలు పరిచి దాన్నే ఫుట్‌పాత్ అంటాండాం, ఆ బండల మీద జనరేటరు, అంగడి బోర్డు, నాలుగు బైకులు. ఇంగ నడిచేవాడు రోడ్డు మీదికి దిగక యాడికి పోతాడు?

రోడ్డు వేయడం మనోళ్ళకు బాగా వచ్చు, నేను కాదన్ను. కానీ ఒక వీధిలో ఎవరికి ఎంత జాగా ఇవ్వాలో లెక్క తేల్చి గీయడం వేరే పని. నేను సివిల్ చదివి చెన్నైలో పని చేస్తాండా. ఆడ పాండీబజారు కూడా మన బజారు మాదిరే ఇరుకుగా ఉండేది, ఫుట్‌పాత్‌లు వెడల్పు చేసి 2019 నవంబర్‌లో తెరిచినారు, ఇప్పుడు ముసలోళ్ళు కూడా తాపీగా నడుస్తారు. మన ఊరికి కూడా టెండరు పిలిచి ఒక మంచి కన్సల్టెంట్ సంస్థకు డిజైన్ అప్పజెప్తే తప్పేంది? ఎవరికైనా అభ్యంతరం ఉంటే కారణంతో చెప్పండి.

బైకు బాషా:
ముందు గుంతలు పూడ్చమనండన్నా, డిజైన్ తర్వాత చూద్దాం.

లెవెల్ బుక్:
అబ్బీ, నేను మున్సిపాలిటీల్లో 31 ఏండ్లు చేసి ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా రిటైరైనా, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా. ఏ రోడ్డు కింద ఏ పైపు పోతాందో, ఏ కాలువ యాడ వెనక్కి తంతాందో అక్కడ పని చేసే వర్క్ ఇన్‌స్పెక్టరుకు తెలిసినంత బయటి ఊరు నుంచి వచ్చినోనికి తెలియదు. వాళ్ళు వస్తారు, రెండు రోజులు ఫొటోలు తీసుకుంటారు, లాడ్జీలో కూర్చొని డీపీఆర్, అంటే పని వివరాల రిపోర్టు రాస్తారు. రంగు బొమ్మల్లో చెట్లుంటాయి, సైకిల్ మీద ఆడపిల్ల ఉంటుంది, మురుక్కాలువ మాత్రం ఉండదు. ఇంగ ఫీజు సంగతి. అంచనాలో ఇంత శాతం అని ఇస్తారు. అంచనా పెరిగితే ఫీజు పెరుగుతుంది. అట్లాంటప్పుడు ఖర్చు తగ్గించాలని వానికి ఎందుకుంటాది? ఆ డబ్బుతో మన ఇంజనీర్లకు టోటల్ స్టేషన్ అనే ఒక సర్వే మిషను, ఇద్దరు సర్వేయర్లను ఇస్తే ఇంతకంటే మంచి డిజైన్ మనమే చేస్తాం.

అంగడి సుబ్బన్న:
ఎవురు గీసినా నాకు ఒకటే ప్రశ్న. నా అంగడి ముందర బండి యాడ పెట్టాల? బండి పెట్టే జాగా లేకపోతే గిరాకీ రాదు. ఫుట్‌పాత్ మీద నడిచేటోడు చీర కొనడు సామీ, బండ్లో వచ్చినోడే కొంటాడు.

శంకరాపురం అక్క:
నేను వారానికి మూడు సార్లు నడిచే వస్తా. చీరలు నేనూ కొంటా.

ఏడురోడ్ల అబ్బీ:
లెవెల్ బుక్ సార్, మీ అనుభవానికి నమస్కారం, కానీ ఒక లెక్క చూడండి. మనోళ్ళు ట్రాఫిక్ కౌంట్ చేస్తే పీసీయూల్లో, అంటే ప్రతి బండినీ ఎన్ని కార్లతో సమానమో మార్చి చేస్తారు. కారు ఒకటి, బస్సు మూడు చిల్లర, బైకు అర, అట్ల. ఆ లెక్కలో నడిచే మనిషికి కాలమ్మే లేదు. యాభై మంది ఉన్న బస్సూ, ఒక్కడున్న మూడు కార్లూ అందులో సమానం. లెక్కలోనే లేనోనికి రోడ్డు మీద జాగా యాడి నుంచి వస్తాది? 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 32,825 మంది ఉట్టిగా నడుస్తా ఉన్నోళ్ళు. అందుకే ఈ పని తెలిసినోళ్ళు కావాలంటాండా.

సుబ్బన్నా, మీకు కూడా చెప్తా. 60 అడుగుల రోడ్డు అనుకుందాం, అంటే 18 మీటర్ల చిల్లర. రెండు వైపులా బండ్లు పోయేదానికి 7 మీటర్లు చాలు. ఒక్కో పక్క రెండున్నర మీటర్ల ఫుట్‌పాత్ ఇస్తే 5. ఒక్కో పక్క రెండున్నర మీటర్లు పార్కింగ్, ఆటోస్టాండ్, తోపుడు బండ్లు, బస్టాపు కలిపి ఇస్తే ఇంకో 5. మొత్తం 17. మిగిలిన మీటరు చిల్లరలో చెట్లు, కరెంటు స్తంభాలు. మీ పార్కింగ్ ఎవురూ తీయడంలే, బండల మీద నుంచి దించి దాని జాగాలో పెడుతున్నారు.

అంగడి సుబ్బన్న:
60 అడుగులు యాడుంది? కాగితంలో ఉంది. మా కాడ ఒక చోట 60, ఒక చోట 42.

లెవెల్ బుక్:
సుబ్బన్న కరెక్టుగా చెప్పినాడు. బొమ్మలో రోడ్డు గీత మాదిరి పోతాది, నేల మీద అట్ల పోదు. ఇంగ నువ్వు ఫీజు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. శాతమా, కాదా? దానికి జవాబు చెప్పు ముందు.

ఏడురోడ్ల అబ్బీ:
శాతం ఇవ్వాలని రూలేం లేదు సార్. లంప్‌సమ్ అని ఫిక్స్ చేసి, సర్వే అయినాక ఇంత, డిజైన్ ఒప్పుకున్నాక ఇంత, పని పూర్తయినాక ఇంత అని ఇవ్వచ్చు. ఎవురు తక్కువకు కోట్ చేస్తే వానికే అన్న ఎల్ వన్ పద్ధతి కాకుండా పనితనం, ధర రెండూ చూసే క్యూసీబీఎస్ పద్ధతి పెట్టి, పనితనానికి 70 మార్కులు, ధరకు 30 అని ఎంచుకోవచ్చు.

లెవెల్ బుక్:
ఆ 70 మార్కులు ఎవురేస్తారు? పెద్ద ఊర్లో చేసినోనికే మార్కులు. చిన్న ఊరి సమస్య తెలిసినోడు మొదటి రౌండులోనే పోతాడు.

చిత్తూరు బస్సు:
ఫుట్‌పాత్ ఎత్తు తగ్గిస్తే చాలు, సగం సమస్య తీరుతాది. అడుగున్నర ఎత్తుంటే ఎవురెక్కుతారు?

ఏడురోడ్ల అబ్బీ:
ఇదే నేను చెప్పేది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ ఐఆర్‌సీ 103 పుస్తకం ప్రకారం ఫుట్‌పాత్ అంచు 150 మిల్లీమీటర్లు మించకూడదు, అంటే ఆరంగుళాలు. నడవడానికి ఏ అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు వదలాల. 2012లో మార్చి వేసిన పుస్తకంలోనే ఇది ఉంది. మరి మనకు అడుగున్నర ఎట్ల వచ్చింది సార్? మన ఇంజనీర్లు కట్టిందే కదా?

లెవెల్ బుక్:
పుస్తకం నాకు చెప్పొద్దు. ఆ ఎత్తు ఎందుకొచ్చిందో చెప్తా, విను. ఫుట్‌పాత్ అంటే ఈడ కాలువ మీద మూత. కాలువకు వాలు కావాల, నీళ్ళు ఆఖరికి మన ఊరి వాగు బుగ్గవంక వైపు పోవాల. నువ్వు ఫుట్‌పాత్‌ను ఆరంగుళాలకు దించితే కాలువ అడుగుభాగం కూడా దిగాల, అప్పుడు కింద కల్వర్టు కాడ నీళ్ళు వెనక్కి తంతాయి. 2020 నవంబర్‌లో నివర్ తుఫానుకు బుగ్గవంక పొంగి ఇండ్లలోకి నీళ్ళొచ్చింది మర్చిపోయినారా? ఆరంగుళాలు ఆరంగుళాలు అని చెన్నైలో కూర్చొని చెప్పడం సులువు.

ఏడురోడ్ల అబ్బీ:
కాలువ లోతూ ఫుట్‌పాత్ ఎత్తూ ఒకటే అని ఎవురు చెప్పినారు? కాలువను వేరే లైనులో పెట్టొచ్చు.

లెవెల్ బుక్:
42 అడుగుల్లో వేరే లైను యాడ పెడ్తావు?

బైకు బాషా:
ఇద్దరూ ఆరంగుళాల కాడే ఆగిపోయినారు.

శంకరాపురం అక్క:
మీ అంగుళాలు నిలపండి ఒక నిమిషం. పోయిన వానాకాలంలో మా అమ్మ మందుల అంగడి నుంచి బయటికొచ్చి మీరు చెప్పే ఆ బండల మీద కాలు పెట్టింది. కడప బండ గదా, ఒక మూల పగిలిపోయి ఉండాది, దాని కింద సిమెంటు లేదు, కాలు పడగానే బండ ఊగి పక్కకు లేచింది. మోకాలి దాకా కాలువలోకి పోయింది కాలు. ఇద్దరు ఆటోవాళ్ళు బండను ఎత్తి పట్టుకుంటే నేను బయటికి లాగినా. చెప్పు లోపలే ఉండిపోయింది. మోకాలి కింద చర్మం గీరుకుపోయి ఎముక తెల్లగా కనపడింది. మా అమ్మకు షుగరు. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. మానినాక కూడా బజారుకు రాదు, రమ్మన్నా రాదు. ఆ బండ పరిచింది కన్సల్టెంట్ కాదు, మున్సిపాలిటీ కంట్రాక్టరు, దాని మీద సంతకం పెట్టింది ఒక ఏఈ. మా ఇంజనీర్లు చాలు అంటాండారే సార్, ఎవురికి చాలు?

లెవెల్ బుక్:
మీ అమ్మగారికి జరిగింది చదివి బాధైంది అమ్మా. కానీ ఆ బండ నేను పరచలేదు.

శంకరాపురం అక్క:
మీరు పరిచినారని అనలే. ఎవుర్ని అడిగినా నేను కాదు అంటారు, అదే చెప్తాండా.

అంగడి సుబ్బన్న:
మీకందరికీ నడిచేటోళ్ళ కష్టం కనపడుతుంది, మా కష్టం ఎవురికీ కనపడదు. మా ఊర్లో, కడప కాదు, మేము ముందుండిన ఊరు, మా నాయన అంగడి రోడ్డు వెడల్పులో పోయింది. ఎట్ల పోయిందో తెలుసా? ఒక రోజు పొద్దున షట్టరు తీయడానికి పోతే గోడ మీద ఎర్ర రంగుతో గీత, పక్కన 9 అని అంకె. తొమ్మిదడుగులు. రాత్రి పూట వచ్చి గీసి పోయినారు. ఎవురు కొలిచినారు, ఎప్పుడు కొలిచినారు, ఎవురికి చెప్పినారు, ఏమీ లేదు. పదహైదడుగుల అంగట్లో తొమ్మిది పోతే మిగిలిందేంది? మా నాయన ఆ ఆరడుగుల్లోనే స్టూలు ఏసుకోని రెండేండ్లు కూర్చున్నాడు. డబ్బు వచ్చింది, సగం వచ్చింది, మిగతాది ఫైల్లో ఉందన్నారు, ఆయన పోయినాడు గానీ ఫైలు కదల్లే. అబ్బీ 17 మీటర్లు 18 మీటర్లు అని లెక్క చెప్తాంటే నాకు ఆ ఎర్ర గీతే కనపడుతుంది. మళ్ళీ ఎవడో తెలియనోడొచ్చి టేపు పట్టుకుంటాడా?

మోడరేటర్:
పెద్దలారా, మాట మాట పెరగకుండా చూడండి. పోస్టులు తీసేయడంలే, ముఖ్యమైన విషయాలొస్తాండాయి.

తోపుడుబండి కొడుకు:
మా నాయన బత్తాయిలమ్ముతాడు. ఇంతసేపు చదివినా, పార్కింగ్ అన్నారు, కాలువ అన్నారు, తోపుడు బండ్లకు అబ్బీ అన్న ఒక్క మాట అన్నాడు అంతే. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. టౌన్ వెండింగ్ కమిటీ ఉండాల, అందులో నూటికి 40 మంది మా వ్యాపారులే ఉండాల, సర్వే చేసి గుర్తింపు ఇవ్వకుండా లేపకూడదు. డిజైన్ ఎవురు చేసినా ఆ కమిటీ ముందు పెట్టినాకే చేయాల. ఫుట్‌పాత్ బాగుపడిన రోజు మొదట లేపేది మా బండినే, ఇది నేను చిన్నప్పట్నుంచి చూస్తాండా.

లెవెల్ బుక్:
ఇంతదాకా చెప్పని మాట ఒకటి చెప్తా. నేను పని చేసిన ఒక ఊర్లో కన్సల్టెంట్ డిజైన్ ఇచ్చినాడు. సెంట్రల్ డివైడరు కడితే వాన నీళ్ళు ఒక పక్కే నిలుస్తాయని నేను ఫైల్లో రాసినా. పైనోళ్ళు కట్టమన్నారు, కట్టించినా. మొదటి వానకే ఒక పక్క అంగళ్ళలోకి నీళ్ళు. మెమో నాకు వచ్చింది. ఇంక్రిమెంటు ఆపింది నాకు. కన్సల్టెంట్‌కు అప్పటికే బిల్లంతా ఇచ్చేసినారు, ఫోన్ చేస్తే ఆ ఇంజనీరు మానేసినాడు అన్నారు. నాకు వాళ్ళ చదువు మీద కోపం లేదు. గీసినోడు పోతాడు, సంతకం పెట్టినోడు దొరుకుతాడు. దానికి నీ దగ్గర జవాబుంటే నేను ఇంగ మాట్లాడను.

ఏడురోడ్ల అబ్బీ:
సార్, మీకు ఎదురు చెప్పలేను. నేను మొదట చేరిన కన్సల్టెన్సీలో నా పనే డీపీఆర్‌లు సర్దడం. ఒక ఊరి రిపోర్టు తీసుకోని ఇంకో ఊరికి మార్చేవాళ్ళం. ఒకసారి మట్టి పరీక్షల పేజీలో పాత ఊరి పేరు అట్లే ఉండిపోయి పోయింది, ఎవురూ చూసుకోలే, ఆ రిపోర్టు పాసైంది. ఆ నెలే మానేసినా. అందుకే మంచి సంస్థ అని మొదటి పోస్టులోనే రాసినా, కానీ మంచి సంస్థ అని రాస్తే మంచిది రాదు, అగ్రిమెంటులో రాయాల. గీసిన ఇంజనీరు పేరుండాల, పని జరిగినన్నాళ్ళూ ఈ ఊర్లోనే ఉండాల, పని అయినాక రెండు వానాకాలాలు చూసినాకే ఆఖరి బిల్లు ఇవ్వాల. మీ వర్క్ ఇన్‌స్పెక్టర్లు సర్వేలో పక్కనే ఉండాల. రోడ్డు తవ్వకముందే అక్కడక్కడ గుంతలు తీసి పైపులు, కేబుళ్ళు యాడున్నాయో చూడాల. అయినా మన ఇంజనీర్లే అంతా చేయగలరు అన్న మాటకు మాత్రం నేను ఒప్పుకోను. అక్క చెప్పిన బండ కన్సల్టెంట్ లేకుండానే పరిచినారు.

లెవెల్ బుక్:
రెండు వానాకాలాలు అన్నావు, అది బాగుంది. ఆ షరతుకు ఏ సంస్థ వస్తాదో చూస్తా. మిగతా దానికి నేనూ ఒప్పుకోను.

చిత్తూరు బస్సు:
అడ్డంకి లేని ఫుట్‌పాత్ నడిచేవాళ్ళ హక్కు, రాజ్యాంగంలో బతికే హక్కు ఇచ్చే ఆర్టికల్ 21 కిందికి వస్తాదని 2025 మే నెలలో సుప్రీంకోర్టే చెప్పింది గదా. కన్సల్టెంట్ చేసినా, కార్పొరేషన్ చేసినా చేయక తప్పదు.

అంగడి సుబ్బన్న:
హక్కు నాకూ ఉంది. నేను అడ్డం పడను. కానీ గోడ మీద గీత పడకముందు కాగితం మీద గీత నాకు చూపియ్యాల, నా పక్కంగడి ఆయనకు చూపియ్యాల, ఆ బత్తాయిల పిల్లోని నాయనకూ చూపియ్యాల. తెలుగులో రాసి చూపియ్యాల. అప్పుడు బండ్లు రోడ్డుకవతల పెట్టమన్నా ఆలోచిస్తా. చూపియ్యకుండా గీస్తే ఆ ఇంజనీరు ఏ ఊరోడైనా నా ముందర టేపు పట్టనియ్య.

ఏడురోడ్ల అబ్బీ:
సుబ్బన్నా, ఈ ఆదివారం నేను ఊరికొస్తాండా. ముందు మనమే కొలుద్దాం, యాడ 60 ఉంది, యాడ 42 ఉంది రాసుకుందాం. పొద్దున ఆరింటికి వస్తా, ట్రాఫిక్ ఉండదు, టేపు పరచడానికి వీలుగా ఉంటాది. సార్ కూడా వస్తే మేలు.

లెవెల్ బుక్:
వస్తా. కల్వర్టు కాడి నుంచి మొదలుపెట్టాల, ఏడు రోడ్ల కాడి నుంచి కాదు. నీళ్ళు పోయే చోట లెవెలు తెలియకుండా పైన ఎంత కొలిచినా దండగ.

శంకరాపురం అక్క:
పొద్దున ఆరింటికి వద్దు. ఆ టైముకు బైకులుండవు, బండ్లుండవు, బోర్డులు లోపలుంటాయి. సాయంత్రం ఆరింటికి రండి. ఆ మందుల అంగడి కాడి నుంచి ఈ కొస దాకా నాతో నడవండి, ఎన్నిసార్లు రోడ్డు మీదికి దిగాల్సొస్తాదో అబ్బీ రాసుకుంటాడు. కొత్త బండ వేసినారో లేదో కూడా చూసినట్టుంటాది. మా అమ్మను అడిగి చూస్తా.