పోలీసు వెరిఫికేషన్, పాత రాజకీయాలు, ఉద్యోగం: మీ అనుభవాలు చెప్పండి

కృష్ణాతీరం:
మా తమ్ముడు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాడు. వెరిఫికేషన్‌కు వచ్చిన పోలీసులు అతడిపై కేసులున్నాయా అని అడగడంతో ఆగక, డిగ్రీ చదివే రోజుల్లో ఏ విద్యార్థి సంఘంలో తిరిగేవాడు, ఏ సభలకు వెళ్లేవాడు అని ఇరుగుపొరుగును ఆరా తీశారు. అతడిపై ఒక్క కేసు కూడా లేదు. అయినా తోటివారందరూ విధుల్లో చేరిన తరువాత ఏడు నెలల వరకు అతడికి నియామక ఉత్తర్వు రాలేదు. కారణమేమిటో ఎవరూ కాగితం మీద రాసి ఇవ్వలేదు. చివరకు ఉద్యోగం వచ్చింది గాని, ఆ ఏడు నెలలూ మా అమ్మ పడిన బెంగను నేను మరచిపోలేను. నమ్మిన రాజకీయం వల్ల ఉద్యోగం పోయిన, లేదా పోతుందని భయపడిన అనుభవం మీలో ఎవరికైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
మధ్యప్రదేశ్‌లో ఒక ఉపాధ్యాయుడికి ఇంతకంటే కఠినంగా జరిగింది. ఆయన పనిచేసే మునిసిపల్ పాఠశాలను 1971లో ప్రభుత్వం తన కిందికి తీసుకుంది. 1974లో ఆయనను తొలగించారు. ఆర్.ఎస్.ఎస్., ఆనాటి జనసంఘ్ పార్టీ కార్యక్రమాల్లో పాల్గొన్నాడన్న పోలీసు నివేదికే అందుకు ఆధారం. 1983లో సుప్రీంకోర్టు ఆ తొలగింపు చెల్లదన్నది. తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు మన తెలుగువారే. ఇది పోలీసు రాజ్యం కాదని, ఉద్యోగంలోకి రాకముందు నడిపిన రాజకీయాల వల్ల ఒక మనిషికి ప్రభుత్వోద్యోగం నిరాకరించడం రాజ్యాంగంలో సమానత్వానికి, ప్రభుత్వోద్యోగాల్లో సమాన అవకాశానికి హామీ ఇచ్చే 14, 16 అధికరణలకు విరుద్ధమని ఆయన రాశారు. దేవదూతలు మాత్రమే అడుగుపెట్టవలసిన స్వర్గమా ప్రభుత్వోద్యోగం అని కూడా అడిగారు.

నేను చూసినది ఒకటి చెబుతాను. మా ఉపాధ్యాయ సంఘంలో ఎక్కువమంది వామపక్షం వారు. వారి కుర్రవాడొకడికి ఇటువంటి నివేదిక అడ్డువచ్చినప్పుడు, ఆర్.ఎస్.ఎస్. మనిషి గెలుచుకున్న ఆ తీర్పు నకలునే పట్టుకొని అధికారుల దగ్గరకు వెళ్లారు. ఎదుటి పక్షం వాడికి దక్కిన రక్షణే ఆ రోజు మా వాడికి అక్కరకు వచ్చింది.

రైల్వే కాలనీ:
మాష్టారూ, మా నాన్నగారి తరం మరో తీర్పును చూసింది. 1949 నాటి రైల్వే జాతీయ భద్రతా నిబంధనల కింద, విధ్వంసక కార్యకలాపాల పేరుతో కమ్యూనిస్టులన్న ముద్రపడిన కార్మికులను తొలగించారు. బాలకోటయ్య కేసులో సుప్రీంకోర్టు 1957లో ఆ తొలగింపులను సమర్థించింది. సంఘంగా ఏర్పడే హక్కు మీకుంది, కాని ప్రభుత్వ కొలువులో కొనసాగే ప్రాథమిక హక్కు లేదన్నది అందులోని వాదం. నెల జీతం మీద బతికే మనిషికి ఈ రెంటినీ విడదీసి చూపించడం నాకు ఎన్నటికీ మింగుడుపడదు. మా నాన్నగారు ఏ సంఘంలోనూ లేరు. అయినా ఆ రోజుల్లో ఇంటికి వచ్చే పత్రికను పక్కింటివారికి కనిపించకుండా మడిచి లోపల పెట్టేవారని మా నాయనమ్మ చెప్పేది.

ఆడిట్ విభాగం:
ఉద్యోగంలో చేరిన తరువాత సంగతి వేరని గుర్తుంచుకోవాలి. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం కేంద్ర ప్రభుత్వోద్యోగి రాజకీయ పార్టీలో సభ్యుడిగా ఉండరాదు. ప్రజల పని చేసేవాడికి ఆ హద్దు అవసరమనే నేను భావిస్తాను. అయితే ఆ హద్దును గీసేది అధికారంలో ఉన్నవారే. 1966లో ఆర్.ఎస్.ఎస్. కార్యక్రమాల్లో పాల్గొనడాన్ని నిషేధించారు, 2024 జూలైలో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. అదే ఉద్యోగి, అదే పని, మారింది ప్రభుత్వమే.

గచ్చిబౌలి:
ప్రైవేటు కంపెనీలో ఈ అధికరణలేవీ మమ్మల్ని ఆదుకోవు, ఎందుకంటే అవి ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి. మా బృందంలో ఒకాయన ఎన్నికల సమయంలో ఫేస్‌బుక్‌లో రాసిన మాటలకు హెచ్.ఆర్. పిలిచి, రాజీనామా చేస్తే అనుభవ పత్రం ఇస్తామన్నారు. ఆయన ఇంటి అప్పు కడుతున్నాడు, సంతకం పెట్టాడు. ఆయన అభిప్రాయాలు నాకు ఏమాత్రం నచ్చవు, కాని పనిలో ఆయనకు వంక పెట్టిన వారు లేరు. కాలిఫోర్నియాలో ఉన్న మా అన్నయ్య, అక్కడి కార్మిక చట్టం ఉద్యోగుల రాజకీయ కార్యకలాపాలపై యజమాని ఆంక్షలను నిషేధిస్తుందని చెప్పినప్పుడు నాకు బాధ కలిగింది.

తెలుగు పంతులమ్మ:
నాకు ఒక్క అభ్యంతరం ఉంది. ఒక కులాన్నో మతాన్నో నీచంగా చూసే మనిషి చేతికి పిల్లల మార్కులు, కింది ఉద్యోగుల పదోన్నతులు అప్పగిస్తే, అది ఆయన సొంత అభిప్రాయం అని మనం ఊరుకోగలమా? నా వరకు, ఆ నమ్మకం పనిలో కనిపించిందా అన్నదే ప్రశ్న. జర్మనీలో డొరోతియా ఫోగ్ట్ అనే ఉపాధ్యాయిని కమ్యూనిస్టు పార్టీ సభ్యురాలన్న కారణంతో 1987లో ఉద్యోగం కోల్పోయారు. పాఠాలలో ఆమె తన రాజకీయాలు చొప్పించినట్లు ఎవరూ చూపలేకపోయారు. 1995లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పు చెప్పింది, అదీ 10 మంది ఒకవైపు, 9 మంది మరోవైపు నిలిచి. అంత చదివినవారికే అంత సందిగ్ధం కలిగింది.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. మాష్టారూ, ఆ తీర్పు నకలు పంపగలరా? తమ్ముడికి ఇక అవసరం లేదు గాని, అతడితోపాటు ఎంపికైన ఒక అమ్మాయి ఫైలు ఇంకా కదలలేదు. ఎంపికైనవారు తమ వివరాలు రాసి ఇచ్చే అటెస్టేషన్ ఫారంలో ఆమె ఏదీ దాచలేదు. దాస్తే అదే తొలగింపుకు వేరే కారణమవుతుందని ముందే హెచ్చరించాను. ఆలస్యానికి కారణం అడుగుతూ సమాచార హక్కు దరఖాస్తును ఈ సోమవారం ఇద్దరం కూర్చొని రాస్తాం.