తొమ్మిదో తరగతిలో కబడ్డీ మొదలుపెట్టింది మా అమ్మాయి, ఆలస్యమైపోయిందా?

ఖమ్మం అమ్మ:

అందరికీ నమస్తే. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిది చదువుతోంది, 14 నిండాయి. ఇప్పటిదాకా ఆటల జోలికి పోయిన పిల్ల కాదు, ఖాళీ దొరికితే ఫోను, లేదంటే బొమ్మలు గీసుకోవడం. ఈ జూన్‌లో కొత్తగా వచ్చిన పీఈటీ మేడమ్ ప్రేయర్‌లో పొడుగ్గా ఉన్న పిల్లల పేర్లు రాసుకున్నారట, అందులో మా దాని పేరూ ఉంది. అప్పటినుంచి రోజూ బడి అయ్యాక కబడ్డీ ప్రాక్టీసు. మోకాళ్లు, మోచేతులు దోక్కుపోయి ఇంటికొస్తుంది. అన్నం మాత్రం రెట్టింపు తింటోంది, అది నాకు సంతోషమే.

ఇబ్బంది ఎక్కడంటే, జట్టులో మిగతావాళ్లంతా ఆరో తరగతి నుంచి ఆడుతున్నవాళ్లు. ఇది కూతకి వెళ్లిందంటే గీత దాటి రెండడుగులు వేసేలోపే పట్టేస్తున్నారట. ఇంటికొచ్చి ఏడుస్తుంది, మళ్లీ పొద్దున్నే ట్రాక్ ప్యాంటు బ్యాగులో సర్దుకునేదీ అదే. మండల పోటీలు దగ్గరికొచ్చాయి. 12 మందిలో పేరుంది కానీ ఆడే ఏడుగురిలో ఉండదని మేడమ్ ముందే చెప్పేశారు. వచ్చే ఏడాది టెన్త్. వాళ్ల నాన్నేమో ఆడపిల్లకి కాలో చెయ్యో విరిగితే ఎవరు చూస్తారంటారు, మా అత్తగారు దానికి ఇంకో రెండు కలుపుతారు. నాకైతే మాన్పించాలని లేదు. ఈ వయసులో మొదలుపెడితే ఆట వస్తుందా? దెబ్బల సంగతేంటి? ఇంట్లో నేను చూసుకోవాల్సినవి ఏమిటి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పీఈటీ, నల్గొండ జిల్లా:

అమ్మా, మీ మేడమ్ గారు మంచి పని చేశారు. ఈసారి ఆడించను అని పిల్లకి ముందే చెప్పేవాళ్లు తక్కువ. చాలాచోట్ల ఆశ పెట్టి ఊరుకుంటారు.

ఆలస్యమేమీ కాలేదు. జిమ్నాస్టిక్స్, స్విమ్మింగ్ లాంటివైతే ఏడెనిమిదేళ్లకే మొదలుపెట్టాలంటారు. కబడ్డీకి ఆ పట్టింపు లేదు. ఎదుటి మనిషి అడుగు ఎటు పడబోతుందో చూడటం, బరువు ఏ కాలి మీద ఉంచాలో తెలియడం, భయపడకుండా పడటం, ఇవి వస్తే సగం ఆట వచ్చినట్టే, ఇవి 14 ఏళ్ల పిల్లకి పదేళ్ల పిల్లకంటే త్వరగానే వస్తాయి, పైగా మీ అమ్మాయి పొడుగు కూడా.

రెండడుగుల్లో దొరికిపోతోందంటే బలం లేక అనుకోకండి. కొత్తగా కూతకెళ్లే ప్రతి పిల్లా ముందు కాలి మీద బరువంతా వేసేసి చెయ్యి చాపుతుంది. కార్నర్‌లో, అంటే వరసలో చివర, ఉన్న అమ్మాయికి కావాల్సింది ఆ కాలే, చీలమండ దగ్గర పట్టుకుందంటే ఇక కదల్లేదు. బరువు వెనక కాలి మీద ఉండాలి, మోకాళ్లు కొంచెం వంగి ఉండాలి, వెనక్కి వచ్చేటప్పుడు కూడా వీపు చూపించకూడదు. ఇది ఇంటి వాకిట్లో కూడా చేసుకోవచ్చు. సుద్దముక్కతో గీత గీసి, గీత దాటి ముందుకి, పక్కకి, మళ్లీ వెనక్కి, పాదాలు ఈడ్చకుండా. పక్కన ఎవరూ అక్కర్లేదు.

నా లెక్కలో కొత్త పిల్లని ముందు కూతకి పంపకూడదు. ఆలోచించండి, 30 సెకన్లలో ఊపిరి తిప్పుకోకుండా కబడ్డీ కబడ్డీ అని రిఫరీకి వినపడేలా అంటూ, ఎదురుగా ఏడుగురిని చూస్తూ, ఎవరినీ ముట్టుకోకపోతే కనీసం బాక్ లైన్ (అవతలి జట్టు కోర్టులో అడ్డంగా ఉండే గీత) అయినా దాటి రావాలి, దాటకుండా తిరిగొస్తే తనే ఔట్. మొదటి నెలల్లో ఇన్ని పనులు ఒకేసారి ఎవరికీ కుదరవు. అదే పట్టులో, అంటే కూతకొచ్చిన మనిషిని ఆపే వైపు, అయితే పక్కన చెయ్యి పట్టుకున్న మనిషి ఉంటుంది, ఎప్పుడు ముందుకెళ్లాలో ఎప్పుడు ఆగాలో ఆ చెయ్యే చెప్తుంది. నేను మా పిల్లలకి ముందు పడటం నేర్పిస్తాను, తర్వాత అలా చేతులు పట్టుకుని చైన్‌లో నడవడం, ఆ తర్వాతే పట్టు, కూత అన్నిటికంటే చివర. ఇవి ఏ వరసలో నేర్పుతున్నారో మీ మేడమ్‌ని అడగండి, తప్పుగా అనుకోరు.

ఇంకో సంగతి. స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, అండర్ 17, అండర్ 19 అని ఉంటాయి. మీ అమ్మాయికి 14 నిండాయి కాబట్టి అండర్ 17లో ఆడాలి, అంటే ఎదురుగా తనకంటే రెండేళ్లు పెద్దవాళ్లు ఉండొచ్చు. ఈ ఏడాది బయట కూర్చోబెట్టడంలో అన్యాయమేమీ లేదు. వచ్చే ఏడాది కూడా అదే గ్రూపు.

ఎల్బీనగర్ నాన్న:

నేను కాస్త వేరేగా చెప్తాను, ఎవరూ కోపగించుకోవద్దు. ఆట మంచిదే. కానీ మన దగ్గర తల్లిదండ్రులు సగం మంది స్పోర్ట్స్ కోటా అనే మాట విని పిల్లల్ని పంపుతారు, ఆ లెక్కలో మీరు గనక ఉంటే ఇప్పుడే బయటికి రండి. మండలంలో, జిల్లాలో ఆడిన సర్టిఫికెట్లు గోడకి తగిలించుకోవడానికి బాగుంటాయి. ఉద్యోగాల దగ్గర అడిగే ఫారం 4 అనే సర్టిఫికెట్ స్కూల్ పిల్లలకి రావాలంటే రాష్ట్ర జట్టులో చోటు సంపాదించి జాతీయ స్కూల్ గేమ్స్‌లో ఆడాలి. ఆ మెట్టు దాకా వెళ్లేవాళ్లు ఎందరుంటారో మీరే లెక్కేసుకోండి. టెన్త్ ముందు ఏడాది సాయంత్రాలన్నీ గ్రౌండ్‌లో పోతే తర్వాత ఎవరూ తిరిగివ్వరు. ఆదివారాలు ఆడుకోమనండి, చాలు.

చెడుగుడు బాబాయ్, విజయనగరం:

ఎల్బీనగర్ బాబూ, ఫారం గురించి నువ్వు చెప్పింది నిజం. దాన్నుంచి ఆదివారాలు చాలు అనే మాటకి ఎలా దూకావో అర్థం కాలేదు. ఆ తల్లి ఉద్యోగం గురించి ఒక్క ముక్క అడగలేదు కదయ్యా. పైగా ఈ ఆటలో వారానికోసారి ఆడేవాళ్లకే దెబ్బలు ఎక్కువ, ఒంటికి అలవాటుండదు, ఊపు మాత్రం ఉంటుంది. మానేస్తే పూర్తిగా మాన్పించు, ఆడితే రోజూ ఆడనియ్యి.

అమ్మా, దెబ్బల సంగతి నేను చెప్తాను, ఆ కాలంలో చాలానే తిన్నాను. దోక్కుపోవడం దెబ్బ కాదు. సబ్బునీళ్లతో కడిగి, మట్టి లేకుండా చూసి, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో ఒకసారి చూసుకోండి. వేళ్లు బెణకడం ఈ ఆటలో మామూలే, పక్క వేలితో కలిపి టేప్ చుట్టుకుంటారు.

భయపడాల్సింది మోకాలికి. ఎదిగే వయసు ఆడపిల్లలకి మోకాలి లోపలి లిగమెంట్ తెగడం మగపిల్లలకంటే ఎక్కువని డాక్టర్లు చెప్తారు, అదీ ఎవరో గుద్దుకుని కాదు, గబుక్కున తిరిగినప్పుడో ఎగిరి దిగినప్పుడో మోకాలు లోపలికి వంగిపోయి. టప్‌మని చప్పుడు వినపడిందని పిల్ల చెప్పినా, కొద్ది గంటల్లోనే మోకాలు వాచినా, దయచేసి నూనె రాసి తోమించడాలు, నాటు కట్లు వద్దు. గుడ్డలో ఐసు చుట్టి పావుగంట పెట్టి, కాలు ఎత్తులో ఉంచి, ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఎక్స్‌రే బాగుందని అక్కడితో వదిలేయొద్దు, ఎక్స్‌రేలో లిగమెంట్ కనపడదు. మా ఊళ్లో బంగారం లాంటి ఆటగాళ్లు ఎక్స్‌రే నార్మల్ అన్నారని నెలరోజులకే మళ్లీ దిగి మోకాలు పూర్తిగా పోగొట్టుకున్నారు. తలకి దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి అయినా ఆ రోజుకి ఆట బంద్, ఎవరు బతిమాలినా సరే.

నేల గురించి కూడా అడగండి. మీ బడిలో మట్టి గ్రౌండ్ అయ్యుంటుంది, పిల్లలు ఒట్టి కాళ్లతో ఆడుతూ ఉంటారు. ముందు రోజు నీళ్లు చల్లి, రాళ్లు ఏరి ఆడితే మట్టంత మంచి నేల లేదు. కాకపోతే పై స్థాయి పోటీలు మ్యాట్ మీద పెడతారు. మట్టిలో కాలు కొంచెం జారుతుంది, మ్యాట్ మీద అతుక్కుంటుంది. అలవాటు లేని పిల్లలు మొదటిసారి మ్యాట్ ఎక్కి చీలమండలు మెలిపెట్టుకునేది అందుకే. దగ్గర్లో ఏ స్టేడియంలోనైనా మ్యాట్ ఉంటే పోటీలకి ముందు ఒకట్రెండు సార్లయినా తీసుకెళ్లమని అడగండి.

ఇంటర్ ఫస్టియర్, కర్నూలు:

ఆంటీ, నేను రైట్ కార్నర్ ఆడతాను. పెద్దవాళ్లు రాయని విషయాలు రాస్తున్నా, ఏమనుకోకండి.

గోళ్లు పూర్తిగా కత్తిరించాలి, మ్యాచ్ ముందు చూస్తారు. గొలుసు, కమ్మలు, గాజులు, పట్టీలు అన్నీ ఇంట్లోనే. జుట్టుకి నూనె వద్దు ఆ రోజు, గట్టిగా జడ వేసి మడిచి గుడ్డ రబ్బరు బ్యాండ్ పెట్టండి, ఇనప క్లిప్పులు గుచ్చుకుంటాయి. షార్ట్ కింద మోకాళ్ల దాకా నల్ల టైట్స్ వేసుకుంటే దోక్కుపోవడం తగ్గుతుంది, నాయనమ్మ గారి గొడవ కూడా కొంచెం తగ్గుతుంది. స్పోర్ట్స్ బ్రా తప్పకుండా కొనండి, ఇది అడగడానికి పిల్లలు సిగ్గుపడతారు, మీరే ముందు అడగండి. పీరియడ్స్‌లో ఆడొచ్చు, ఏమీ కాదు, నొప్పి ఎక్కువుంటే ఆ రోజు మానేయడమే. బ్యాగులో ప్యాడ్లు, ఒక జత బట్టలు ఎప్పుడూ ఉండాలి.

హిమోగ్లోబిన్ చూపించండి ఆంటీ. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వచ్చింది. నాకు కూత మధ్యలోనే ఊపిరి అందకపోతే ప్రాక్టీసు చాలక అనుకుని అందరూ ఇంకా పరిగెత్తించారు, చివరికి టెస్టు చేయిస్తే రక్తం తక్కువ. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర చాలామంది కిటికీలోంచి పారేస్తారు, మీ అమ్మాయి మింగుతోందో లేదో అడగండి. భోజనం అయ్యాక మింగితే వికారం తక్కువ. ప్రాక్టీసు ముందు అరటిపండు, అయ్యాక గుడ్డు, పల్లీపట్టి లాంటివి. బజార్లో ప్రొటీన్ డబ్బాలు అమ్ముతారు, అవి వద్దు.

బయట కూర్చోవడం గురించి. నేను కూడా కూర్చున్నాను, చిరాగ్గానే ఉంటుంది. మా సార్ నా చేతికి నోట్‌బుక్ ఇచ్చి అవతలి జట్టు రైడర్లు (కూతకొచ్చేవాళ్లు) ఎటు తిరిగి వెనక్కొస్తారో రాయమనేవారు. కుడివైపు తిరిగే వాళ్లు దాదాపు ఎప్పుడూ కుడివైపే తిరుగుతారు, కంగారులో అయితే తప్పకుండా. నాకు పట్టు వచ్చింది ఆ నోట్‌బుక్ వల్లే అంటాను. మీ అమ్మాయి బొమ్మలు గీస్తుంది కదా, కోర్టు గీసి బాణాలు వేసుకోమనండి, నాకంటే బాగా చేస్తుంది.

నాయనమ్మ గారికి హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్ చూపించండి ఫోన్‌లో. 2023లో జరిగింది, మన అమ్మాయిలు చైనీస్ తైపీ మీద 26-25తో గెలిచి బంగారు పతకం తెచ్చారు. మా నాయనమ్మ అది చూశాక నన్ను ఇంట్లో ఏమీ అనడం మానేసింది, పక్కింటివాళ్లకి కూడా చూపించింది.

ఖమ్మం అమ్మ:

అందరికీ చాలా థ్యాంక్స్. పీఈటీ మేడమ్, మీరు చెప్పినట్టు మా మేడమ్‌ని అడిగాను. పడటం ఇసుకలో నేర్పుతున్నారట, కూతకి వెళ్లమని ఆవిడ అసలు చెప్పలేదట, మా పిల్లే ఉండబట్టలేక వెళ్తోంది. ఇంటికొచ్చి గట్టిగా అడిగితే నవ్వేసింది. రక్తపరీక్ష పీహెచ్‌సీలో చేయించాం, 10.2 వచ్చింది, డాక్టరమ్మ మాత్రలు రాసింది. వాళ్ల నాన్న మ్యాచ్ అయ్యేదాకా ఏమీ అనను అన్నారు, అంతవరకు వచ్చారు.

బాబాయ్ గారూ, షూస్ కొనాలా ఇప్పుడే? ఖమ్మంలో అడిగితే ఒక్కో షాపులో ఒక్కో రేటు. ఇంకోటి, మండల పోటీలకి నేను వెళ్లి చూడొచ్చా, వెళ్తే దానికి ఇంకా టెన్షన్ అవుతుందా?

చెడుగుడు బాబాయ్, విజయనగరం:

మట్టి మీద ఆడినంతకాలం అక్కర్లేదమ్మా. మ్యాట్ మీదికి వెళ్లేటప్పుడు కొనండి, అడుగు పల్చగా, చదునుగా ఉండి రబ్బరు పట్టు ఉన్నవి. పరిగెత్తే షూస్ మడమ దగ్గర ఎత్తుగా ఉంటాయి, కబడ్డీకి అవి మంచివి కావు, చీలమండ పక్కకి పడిపోతుంది. సైజు ఒకటి పెద్దది తీసుకుంటే వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని మాత్రం కొనకండి.

పీఈటీ, నల్గొండ జిల్లా:

10.2 అంటే తక్కువే, డాక్టరమ్మ ఎన్నాళ్లు వాడమన్నారో అన్నాళ్లూ వాడండి, మధ్యలో బాగుందనిపించినా ఆపొద్దు. మీ మేడమ్‌కి కూడా ఆ సంగతి చెప్పండి, పరుగులు కొన్నాళ్లు తగ్గిస్తారు.

చూడటానికి తప్పకుండా వెళ్లండి, నాన్నగారిని కూడా తీసుకెళ్లండి. గీత పక్కన నిలబడి పట్టుకో, వదలకు అని అరవడం మాత్రం వద్దు, ఆ అరుపుల్లో రిఫరీకి కూత వినపడక గొడవలైన మ్యాచ్‌లు చాలా చూశాను. ఆధార్, స్టడీ సర్టిఫికెట్ జిరాక్సులు ఒక కవర్లో పెట్టి మీ దగ్గర కూడా ఉంచుకోండి, వయసు దగ్గర ఎవరో ఒకరు పేచీ పెడతారు. అన్నం డబ్బాలు రెండు ఎక్కువ పట్టుకెళ్లండి, మండల పోటీల్లో పొద్దున తొమ్మిదింటికి అన్న మ్యాచ్ మధ్యాహ్నం మూడింటికి పడినా పడుతుంది.