కర్నూలు ఎండకు ట్రిపుల్ గ్లేజ్డ్ కిటికీలు అవసరమా? పెట్టించినవాళ్లు చెప్పండి

కల్లూరు_కొత్తిల్లు (కర్నూలు)
అన్నలకు, అక్కలకు నమస్తే. కల్లూరులో కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను కడుతున్నాం. ప్లాస్టరింగ్ నడుస్తాంది, కిటికీలకు ఆర్డర్ ఇయ్యాల. ఇల్లు పడమర ముఖం. కింద హాలుకు, పైన అమ్మానాన్న పడుకునే గదికి పెద్ద కిటికీలు పడమరకే వచ్చినాయి. హైవే దగ్గరే, రాత్రంతా లారీల చప్పుడు.

షోరూమ్‌లో ఒంటి గ్లాసు, డబుల్, ట్రిపుల్ మూడూ చూపించినారు. ట్రిపుల్‌కు చెప్పిన రేటు ఒంటి గ్లాసు రేటుకు రెండున్నర రెట్లు పైనే ఉంది. మూడు గ్లాసుల మధ్య రెండు గ్యాస్ పొరలు ఉంటాయి, ఇంక వేడి లోపలికి రాదు అన్నారు. మా బావమరిది స్వీడన్‌లో ఉంటాడు. అక్కడ ఎవరింట్లో చూసినా ఇవే, ఆలోచించకుండా పెట్టించు బావా అంటాడు. నాన్నకు గుండె ఆపరేషన్ అయింది. ఎండాకాలం ఆ గది చల్లగా ఉండాల. దానికి ఎంతైనా పెడతా, కానీ పెట్టిన డబ్బు పని చెయ్యాల కదా.

పెన్నా_ఇంజినీరు (అనంతపురం)
బిల్డింగులకు ఏసీ లెక్కలు కట్టడమే నా పని, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

కిటికీలోంచి వేడి రెండు దోవల్లో వస్తుంది. బయట వేడి, లోపల చల్లన కాబట్టి గ్లాసులోంచి పాకి వచ్చేది ఒకటి. ఎండ నేరుగా దూరి వచ్చేది రెండోది. పొరలు పెంచితే బాగా తగ్గేది మొదటిది.

మే నెల, సాయంత్రం నాలుగు. బయట 43 డిగ్రీలు, ఏసీ గదిలో 26 అనుకో. తేడా 17. యు విలువ అంటే ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరులోంచి ఎన్ని వాట్ల వేడి పాకుతుందనే లెక్క. మామూలు ఒంటి గ్లాసుకు అది 5.7 దగ్గర ఉంటుంది, అంటే 17 డిగ్రీల తేడాకు చదరపు మీటరుకు 97 వాట్ల వేడి పాకుతుంది. పూత లేని డబుల్‌కు 2.8, అంటే 48 వాట్లు. పూత లేని ట్రిపుల్‌కు 1.9 దగ్గర, అంటే 32 వాట్లు. రెండో గ్లాసు 49 వాట్లు ఆపింది, మూడో గ్లాసు ఆపింది 16 వాట్లే.

ఇప్పుడు ఎండ సంగతి. అదే టైములో పడమటి గోడ మీద చదరపు మీటరుకు 600 వాట్లు పడటం మామూలు. ఒంటి తెల్ల గ్లాసు అందులో 490 దాకా లోపలికి వదులుతుంది. పూత లేని ట్రిపుల్ కూడా 400 దగ్గర వదులుతుంది. ఒక టన్ను ఏసీ తీసే వేడి 3,500 వాట్లు. రెండు చదరపు మీటర్ల పడమటి కిటికీకి ఒంటి గ్లాసు పెడితే, ఆ ఏసీ బలంలో పావు వంతు పైగా ఎండకే పోతుంది. ట్రిపుల్ పెట్టినా పావు వంతుకు దగ్గరే.

అందుకని షోరూమ్‌లో అడగాల్సిన నంబరు ఎస్‌హెచ్‌జీసీ, అంటే పడిన ఎండ వేడిలో ఎంత వంతు లోపలికి వస్తుందనే లెక్క. సోలార్ కంట్రోల్ పూత, అంటే ఎండ వేడిని ఆపే పల్చని పొర, వేసిన డబుల్‌లో అది 0.3 దగ్గర దొరుకుతుంది. 600లో 180 వాట్లే లోపలికి. ట్రిపుల్ కంటే తక్కువ ధరకు ట్రిపుల్ కంటే ఎక్కువ వేడిని ఆపుతుంది.

ప్రొద్దుటూరు_టు_స్టాక్‌హోమ్
స్వీడన్ పేరు వచ్చింది కాబట్టి నేనూ చెప్తా. ఈడ చలికాలంలో బయట మైనస్ 10, ఇంట్లో 21. తేడా 31 డిగ్రీలు, పగలూ రాత్రీ. ఒంటి గ్లాసయితే కిటికీ పక్కన కూర్చోలేం, లోపలి వైపు నీళ్లు కారుతాయి. ట్రిపుల్ ఉంటే లోపలి గ్లాసు గది వెచ్చదనానికి దగ్గరగా ఉంటుంది. జర్మనీలో పుట్టిన పాసివ్ హౌస్ (చాలా తక్కువ ఇంధనంతో ఇల్లు వెచ్చగా ఉంచే) పద్ధతిలో ఇట్లాంటి చలిదేశాల కిటికీ యు విలువ 0.8కు లోపు ఉండాలంటారు. ట్రిపుల్ లేకుండా అది చాలా కష్టం.

డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడు కాకముందే పొద్దు గూకుతుంది. వచ్చే ఆ కాస్త ఎండ ఇంట్లోకి రావాలనే కోరుకుంటాం, గ్లాసు కూడా దానికి తగ్గట్టే చేస్తారు. అదే గ్లాసు కర్నూల్లో పెడితే మీకు అక్కర్లేని ఎండను లోపలికి పిలుస్తుంది. ఇంకో మాట. జూలైలో ఇక్కడ కూడా ట్రిపుల్ ఉన్న ఫ్లాట్లు వేడెక్కుతాయి. అప్పుడు జనం కిటికీ బయట గుడ్డ పందిరి దించుకుంటారు.

యర్రముక్కపల్లి_అక్క (కడప)
మా ఇంట్లో డబుల్ గ్లాసులే, పూత లేనివి. ఏసీ గదిలో తేడా బాగా తెలుస్తాంది. గ్లాసుకు చెయ్యి ఆనిస్తే కాలదు. ఏసీ ఆపినాక చల్లదనం ఇంకాసేపు నిలుస్తాంది. మంచం కిటికీ పక్కనే ఉంటే ఆ సుఖం ఇంకా బాగా తెలుస్తాంది.

కానీ హాల్లో ఏసీ లేదు. పడమటి ఎండ నేరుగా వచ్చి కింద నాపరాళ్ల మీద పడుతుంటే, రాత్రి పది దాకా ఆ బండలు సెగ కక్కుతాండె. మందం కర్టెన్లు వేసినా పెద్దగా లాభం లేదు. కిటికీకి బయట, సజ్జ కింద నుంచి వెదురు తడక దించినాము. అప్పుడు తగ్గింది బ్బా. ఆ తడకకు అయిన ఖర్చు డబుల్ గ్లాసు ఖర్చులో లెక్కలోకి కూడా రాదు.

పెన్నా_ఇంజినీరు (అనంతపురం)
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కర్టెన్ దాకా వచ్చిన ఎండ అప్పటికే గ్లాసు దాటింది. కర్టెన్ వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదుల్తుంది. తడక బయట వేడెక్కుతుంది, ఆ వేడి గాలికి పోతుంది. సజ్జ ఒక్కటే ఎందుకు చాలదంటే, పడమటి పొద్దు వాలుగా సజ్జ కిందుగా వస్తుంది.

గుత్తిరోడ్డు_శీనా (అనంతపురం)
గ్లాసుల మాట సరే, కిటికీ ఎట్ల తెరుచుకుంటుందో ఎవరూ అడగలేదేం అప్పా? స్లైడింగ్ పెట్టించుకుంటే మూడు గ్లాసులున్నా మా ఊరి ఆషాఢం గాలికి దుమ్ము వస్తాది. స్లైడింగ్ అంచుల్లో ఉండేది బ్రష్షు, దాంట్లోంచి గాలి దూరుతాది. తలుపు మాదిరి తెరుచుకునే రెక్కకు చుట్టూ రబ్బరు ఉంటాది, గడియ వేస్తే బిగుసుకుంటాది. మా మేడ మీద ఒక గదికి స్లైడింగ్, ఇంకో గదికి రెక్కలు. రెండింట్లోనూ ఒంటి గ్లాసే. దుమ్ములో, చప్పుడులో, వడగాలిలో రెక్కల గది చానా మేలు. ముందు దానికి డబ్బు పెట్టు.

బళ్లారి_చౌరస్తా (కర్నూలు)
లారీల చప్పుడు గురించి నేను చెప్తా, మాది 44వ నంబరు హైవేకు ఆనుకునే ఉంటుంది. చప్పుడుకు గ్లాసుల లెక్క కంటే మందం, బిగింపు ముఖ్యం. ఒకే మందం గ్లాసులు మూడు పెడితే మూడూ ఒకే రకం శబ్దానికి కలిసి అదురుతాయి. రెండు గ్లాసులే పెట్టి, ఒకటి మందంగా ఇంకోటి వేరే మందంగా, అందులో ఒకటి లామినేటెడ్, అంటే మధ్యలో ప్లాస్టిక్ పొర అతికించింది తీసుకుంటే నిద్రకు చాలా తేడా వస్తుంది. లారీ ఇంజన్ గుర్రు మాత్రం పూర్తిగా పోదు. హారన్లు బాగా తగ్గుతాయి.

డబ్బింగ్_రూమ్ (కడప)
నేను ట్రిపుల్ పెట్టించినవాడినే. ఇంట్లోనే వాయిస్ రికార్డింగ్ చేస్తా, ఆ గదిలో పొద్దుణ్నుంచి రాత్రి దాకా ఏసీ ఆగదు. చప్పుడు ఇంకాస్త తగ్గినా నాకు డబ్బే. వేర్వేరు మందాల గ్లాసులు చెప్పి చేయించుకున్నా. ఆ ఒక్క గదికి నేను సంతృప్తిగానే ఉన్నా. మిగతా ఇంటికి పెట్టలేదు, మీరూ పెట్టొద్దనే చెప్తా.

బరువు చూసుకోండి. గ్లాసు ఒక మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు 2.5 కిలోలు. ఐదు మిల్లీమీటర్ల గ్లాసులు మూడంటే 37.5 కిలోలు, ఫ్రేమ్ కాకుండా. కీళ్లు ఆ బరువుకు తగ్గవి కాకపోతే రెక్క కిందికి జారి గడియ పడదు. అంచు సీలు పోతే గ్లాసుల మధ్య ఆవిరి పడుతుంది, అప్పుడు తుడిచి బాగుచేసేది ఉండదు, యూనిట్ మొత్తం మార్చాల్సిందే.

ఆదోని_పెద్దాయన
నాయనా, పైన గది అంటున్నావు. మిద్దె సంగతేంది? మే మొదటి వారంలో మన కర్నూలుకు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. పగలంతా ఎండ ఎక్కువ పడేది కిటికీ మీద కాదు, మిద్దె మీద. మా పాత మట్టి మిద్దెలో దూలాల మీద కట్టెలు పరిచి, మన్ను వేసి, పైన చౌడు వేసేవాళ్లు. రోహిణి కార్తెలో కూడా లోపల పడుకోగలిగేవాళ్లం. కిటికీలు చిన్నవి, గోడలు మందం. ఇప్పుడు ఐదంగుళాల సిమెంటు స్లాబు, దాని కింద మంచం. ఆ స్లాబు సంగతి చూడకుండా కిటికీకి ఎన్ని గ్లాసులు పెట్టినా మీ నాన్నకు అర్ధరాత్రి దాకా పైనుంచి సెగ తగులుతూనే ఉంటుంది.

పెన్నా_ఇంజినీరు (అనంతపురం)
పెద్దాయన మాటకు లెక్క కూడా ఉంది. ఇళ్ల కోసం బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నిబంధనల్లో పైకప్పు యు విలువ 1.2 దాటకూడదు. ఒట్టి కాంక్రీటు స్లాబుకు అది 3 పైనే ఉంటుంది. స్లాబు మీద ఇన్సులేషన్ షీటు, దాని మీద వాలుతో సిమెంటు, పైన తెల్ల టైల్ ముక్కలు పరిపించు. ట్రిపుల్‌కూ డబుల్‌కూ ఉన్న తేడా డబ్బు అక్కడ పెట్టు.

కర్నూలు_నర్సమ్మ
గుండె ఆపరేషన్ అయినాయన గది అన్నారు కాబట్టి ఒక్క మాట. తెరవని ఫిక్స్‌డ్ గ్లాసు పెట్టొద్దు. మధ్యాహ్నం కరెంటు పోతే బిగించిన గది తొందరగా ఉక్కపోస్తుంది. రెక్కలు పూర్తిగా తెరుచుకోవాల, ఎదురు గోడకు కూడా గాలి పోయే దోవ ఉండాల. పొద్దున ఎనిమిదికల్లా కిటికీ మూసి తడక దించడం, రాత్రి బయట చల్లబడినాక తెరవడం అలవాటు చేసుకోండి.

కల్లూరు_కొత్తిల్లు (కర్నూలు)
అందరికీ చేతులెత్తి దండం. ఇట్ల అనుకుంటున్నా. నాన్న గదికి, కింద హాలుకు పడమటి కిటికీలు మాత్రం సోలార్ కంట్రోల్ డబుల్, లోపలి గ్లాసు లామినేటెడ్, రెక్కలు తెరుచుకునేవి, బయట తడక. మిగతావన్నీ ఒంటి గ్లాసు, రెక్కలవే. మిగిలిన డబ్బు స్లాబు మీద. ఒక్క అనుమానం. పూత ఉందని చెప్పి మామూలు గ్లాసు అంటగడితే నేనెట్ల కనిపెట్టాల?

అల్యూమినియం_బాషా (కర్నూలు)
అన్నా, చీకటి పడినాక బయట వైపు నిలబడి గ్లాసు ముందు లైటర్ వెలిగించు. డబుల్ యూనిట్‌లో మంట నాలుగు సార్లు ప్రతిఫలిస్తుంది, ఎందుకంటే రెండు గ్లాసులకు నాలుగు ముఖాలు. లామినేటెడ్‌లో మధ్య పొర పెద్దగా కనిపించదు. నీ వైపు నుంచి రెండో మంట రంగు మిగతావాటికి తేడాగా ఉంటే పూత సరైన చోట ఉన్నట్టు. అన్నీ ఒకే రంగులో ఉంటే పూత లేదు. మూడోది తేడాగా ఉంటే పూత లోపలి గ్లాసు మీద ఉన్నట్టు, యూనిట్ తిప్పి బిగించినారేమో చూడమను. బిల్లు మీద యు విలువ, ఎస్‌హెచ్‌జీసీ రెండూ రాయించుకో. డబుల్ గ్లాసుకు తర్వాత నల్ల ఫిల్మ్ అంటించొద్దు, వేడికి గ్లాసు పగిలే ప్రమాదం ఉంది.

కొలతలు మాత్రం ప్లాస్టరింగ్, కింద గ్రానైట్ పట్టీ రెండూ అయినాకనే తీయించు. టఫెన్ చేసిన, అంటే కాల్చి గట్టిపరిచిన గ్లాసును తర్వాత కొయ్యలేరు. పాతిక మిల్లీమీటర్లు ఎక్కువ వస్తే మళ్లీ కొత్తది చేయించాల్సిందే. గ్రిల్ లోపల వైపు పెట్టించు, రెక్కలు బయటికి తెరుచుకుంటాయి కదా. తడకను మాత్రం రెక్క తిరిగే జాగా వదిలి, సజ్జ చివరి అంచుకు కట్టించు.